రెండు గదులు, ఒక టీవీ, రెండు పాత కంప్యూటర్లు: ప్రాథమిక బడి పాఠంలో వీటిని ఎట్లా వాడాలి?

ప్రశ్న: ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్), పరకాల మండలం

అందరికీ నమస్కారం. రెండు గదుల ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులకు 41 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. 1, 2 తరగతులు ఒక గదిలో, 3, 4, 5 ఇంకో గదిలో కూర్చుంటాయి. పెద్దపిల్లలు 24 మంది. వాళ్ల గదిలో గోడకు 43 అంగుళాల టీవీ ఉంది. 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్ ఒకటి, పాత డెస్క్‌టాప్‌లు రెండు ఉన్నాయి. ఇంటర్నెట్ అంటే టీచర్ ఫోన్ హాట్‌స్పాటే. అది కూడా కిటికీ దగ్గర పెడితేనే అందుతుంది.

టీవీలో వీడియో పెడితే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. అయిపోయాక అడిగితే అందులో వచ్చిన కుందేలు గురించి చెప్తారు, లెక్క గురించి చెప్పరు. తెలుగు స్లైడ్లు పెడితే వెనక వాళ్లకు ఒత్తులు కనపడవు. అను ఫాంట్‌లో టైపు చేసి తెచ్చినవి బడి లాప్‌టాప్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి. రెండు కంప్యూటర్ల ముందు తోపులాట, మౌస్ ఎప్పుడూ ఒకరిద్దరి చేతిలోనే. కరెంటు సంగతి సరేసరి.

తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం సర్కారు పెట్టిన కార్యక్రమం) లక్ష్యాలు పక్కకు పోకుండా, చదవడానికీ రాయడానికీ లెక్కలకూ వీటిని ఎట్లా కలపాలి? యాప్‌ల పేర్లు ఎవరైనా చెప్తారు. ఏ నిమిషంలో పిల్లలతో ఏం చేయించాలో తెలిసినవాళ్లు చెప్పండి. కొత్త సామాను కొనే వీలు లేదు, ఉన్నవాటితోనే.

జవాబు: గణితం టీచర్, హనుమకొండ

మేడమ్, ముందు కొలతలు చూద్దాం. 43 అంగుళాల టీవీలో తెర ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు. చదవాల్సిన అక్షరాలు ఉన్నప్పుడు పిల్లలు తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరంలోపు కూర్చోవాలి. అంటే 3.2 మీటర్లు, పదిన్నర అడుగులు. గది పొడవు 20 అడుగులు ఉంటే వెనక సగం గదికి ఆ టీవీ బొమ్మలపెట్టే తప్ప చదివే పలక కాదు. కాబట్టి మూడు తరగతులకూ ఒకేసారి చదివించే ప్రయత్నం వదిలేయండి. ఏ తరగతికి తెరతో పని ఉందో ఆ ఏడెనిమిది మందిని పట్టాల మీద పది అడుగుల లోపల కూర్చోబెట్టండి. మిగతా రెండు తరగతులు తెరకు వీపు పెట్టి, అటువైపు నల్లబల్ల చూస్తూ రాతపని చేసుకోవాలి.

అట్లా కూర్చోబెట్టాలంటే టీవీకి శబ్దం ఉండకూడదు. మూడు తరగతులున్న గదిలో టీవీ మాట్లాడితే రెండు తరగతుల చదువు ఆగిపోతుంది. వీడియోను మ్యూట్‌లో పెట్టి మాట మీరే చెప్పండి. ఎక్కడ ఆపాలో, ఏ మాట మళ్లీ చెప్పాలో అప్పుడు మీ చేతిలో ఉంటుంది. పాట, కథ ఉన్న రోజు మాత్రం మూడు తరగతులనూ కలిపి శబ్దంతో వినిపించండి.

ఇక వీడియో చూశాక కుందేలే ఎందుకు గుర్తుంటుందంటే, చూస్తున్నంతసేపూ పిల్లలు తేల్చాల్సింది ఏమీ లేదు. జవాబు ముందు పలక మీదికి రావాలి, ఆ తర్వాతే తెర మీదికి. నాలుగో తరగతి భిన్నాలతో చెప్తాను.

ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద కదిలించి చూసే ప్రయోగాలు) కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లవి, ఉచితం. ఒక్కోటి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది. ఒకసారి దించుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండా తెరుచుకుంటుంది. అందులో ‘ఫ్రాక్షన్స్ ఇంట్రో’ తీసుకోండి. పీరియడ్ మొదటి పది నిమిషాలు టీవీ ముట్టుకోవద్దు. ప్రతి పిల్లకూ పాత నోటుబుక్ కాగితం ఒకటిచ్చి సగం మడిపించండి, మళ్లీ సగం, మళ్లీ సగం. విప్పితే ఎనిమిది ముక్కలు. తర్వాత టీవీ పెట్టి వలయాన్ని నాలుగు ముక్కలు చేసి, ‘మూడు నాలుగో వంతులంటే ఎన్నిటికి రంగు?’ అని అడగండి. పలకలో రాసి పైకెత్తాలి. అందరి పలకలూ చూశాకే నొక్కండి.

అసలు ప్రశ్న ఆ తర్వాతిది. పైన 3 అట్లాగే ఉంచి కింద 4 బదులు 8 పెడితే రంగు భాగం పెరుగుతుందా, తగ్గుతుందా? 4 కంటే 8 పెద్దది కాబట్టి పెరుగుతుందని చాలామంది రాస్తారు. వెంటనే తెర మీద చూపించారంటే పాఠం అక్కడే పోయినట్టు. ‘ఓహో తగ్గింది’ అని ఒప్పేసుకుంటారు, ఎందుకు తగ్గిందో ఆలోచించరు. ఒక నిమిషం పక్కవాళ్లతో వాదించుకోనివ్వండి, మడిచిన కాగితంలో 3 ముక్కలు లెక్కపెట్టనివ్వండి, అప్పుడు నొక్కండి. ఇట్లాంటివి ఐదారు ప్రశ్నలు, మొత్తం ఎనిమిది నిమిషాలు. టీవీ కట్టేసి మిగతా పీరియడ్ నోటుబుక్ పని.

ఒకటి, రెండు తరగతులకు అదే చోట ‘మేక్ ఎ టెన్’ ఉంటుంది. 8కి 5 కలపాలంటే 5లోంచి 2 తీసి 8కి ఇచ్చి పది చేయడం అందులో కళ్లకు కనపడుతుంది. దానికి ముందు చింతగింజలతో అదే చేయించాలి. గింజలు ముట్టుకోని పిల్లకు ఆ అంకెల కదలిక మాయలాగే ఉంటుంది.

జవాబు: తెలుగు టీచర్, ములుగు

తెలుగు స్లైడ్ల ముచ్చట నేను చెప్త మేడమ్, అండ్ల చాలా మెలికలున్నయి.

అను యూనికోడ్ (ఏ మిషన్ల అయినా ఒక్క తీరుగ తెరుచుకునే అక్షరాల పద్ధతి) కాదు. అండ్ల టైపు చేసినప్పుడు ఫైల్ల దాసుకునేది వేరే గుర్తులను, వాటికి తెలుగు బొమ్మలు తొడిగి చూపిస్తది. ఆ ఫాంట్ లేని మిషన్ల తొడుగు ఊడిపోయి లోపలి గుర్తులు బయటపడ్తయి. ఇప్పటికే చేసినవి ఉంటే ఇంటి కంప్యూటర్లనే పీడీఎఫ్ చేసి తెచ్చుకోండ్రి, ఫాంట్ దాంట్లనే ఉంటది గనక ఎక్కడైనా తెరుచుకుంటది. ఇగ మీదట యూనికోడ్‌ల టైపు చేయండ్రి. ఫోన్ల జీబోర్డుతోని నోటితో చెప్పి రాయించి లాప్‌టాప్‌కు పంపుకున్నా నడుస్తది. విండోస్‌ల నిర్మలా యూఐ ఉంటది. లినక్స్ అయితే నోటో సాన్స్ తెలుగు.

సైజు: స్లైడు ఎత్తు మొత్తం 540 పాయింట్లు. ఒక్క పదం చూపియ్యాలంటే 150 పాయింట్లు పెట్టుండ్రి, వాక్యాలైతే 60. మూడు వరుసలు దాటొద్దు. వరుసల నడుమ ఎడం 1.5 ఉండాలె, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడ్తయి. ఇంకోటి, టెక్స్ట్ పెట్టెకు ఆటోఫిట్ తీసేయండ్రి. మనం 60 పెట్టిన అనుకుంటం, నాలుగు మాటలు ఎక్కువైతే అదే గుట్టుగా 40కి గుంజుతది. బోల్డ్ చేయొద్దు. థ, ఠ లోపలి చుక్క పూడుకపోతది, అప్పుడు ద, ధ, థ మూడూ పిల్లలకు ఒక్కటే. లేత పసుపు మీద నలుపు అక్షరం కండ్లకు మంచిగుంటది, తెల్లటి తెర కొడ్తది.

గుణింతం నేర్పుడు కోసం చాలామంది ‘కి’ల గుడికి మాత్రమే ఎర్ర రంగు వేద్దామని చూస్తరు. అది కాదు. అక్షరం మొత్తం ఎంపికైతది, లేకపోతే విరిగి చుక్కల సున్న వస్తది. నల్ల ‘క’ను ఎర్ర ‘కి’ మీద పెడ్తే? అదీ కుదరదు. మన లిపిల గుడి వస్తే తలకట్టు పోతది కదా, రెండూ ఒకదాని మీద ఒకటి కనవడ్తయి. అన్నిటికంటె సులువైన పని ఇది: ఒక స్లైడుల ‘క’ పెట్టుండ్రి. ఆ స్లైడునే డూప్లికేట్ చేసి, పెట్టె జరపకుండ, దాన్ని ‘కి’ చేయండ్రి. నడుమ ట్రాన్సిషన్ ఏమొద్దు. ఇప్పుడు ముందుకు, వెనుకకు నొక్కుండ్రి. అక్షరం అక్కడనే ఉంటది, మీద తలకట్టు మాయమై గుడి వస్తది, మళ్ల నొక్కితే గుడి పోయి తలకట్టు వస్తది. ‘ఏం పోయింది? ఏం వచ్చింది?’ అని అడుగుండ్రి. నాలుగైదు సార్లు చూసినంక తెర నల్లగ చేసి పలకల రాయమనుండ్రి. స్లైడ్‌షోల ఉన్నప్పుడు కీబోర్డు మీద బి నొక్కితే తెర నల్లబడ్తది, మళ్ల నొక్కితే వస్తది. చూసి గీసుడు వేరు, యాదికి తెచ్చుకుని రాసుడు వేరు, మనకు రెండోది కావాలె.

రంగు కావాల్నంటే: ఎర్ర ‘కి’ ఒకటి, నల్ల ‘కి’ ఒకటి టైపు చేసి, రెండిటినీ కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌తోని బొమ్మలుగ పెట్టుండ్రి. నల్లదాని పైభాగం గుడి దాక క్రాప్ చేసి ఎర్రదాని మీద సరిగ్గ కూసోబెట్టుండ్రి. కొమ్ము ఉన్నదైతే కుడిదిక్కు క్రాప్ చేయాలె. ఒక్కో అక్షరానికి రెండు నిమిషాలు పడ్తది గని ఏండ్ల తరబడి వాడుకోవచ్చు.

మ, య, ఘ లకు ఒత్వం, ఓత్వం మిగతా వాటి లెక్క ఉండయి. కొ, మొ పక్కపక్కన పెట్టి చూడుండ్రి. ఈ మూడిటికి వేరే స్లైడ్లు చేసుకుని చివరకు చెప్పుండ్రి. గుణింతం వరుసల కలిపేస్తే మంచిగ చదివేటోళ్లు కూడ అక్కడ తడబడ్తరు.

ముఖ్యమైంది ఒకటి మరిచిన. బొమ్మ, పదం ఒకే స్లైడుల పెట్టొద్దు. పిల్లలు బొమ్మ చూసి పదం చెప్తరు, చదివిన్రని మనం అనుకుంటం. ముందు పదం ఒక్కటే రావాలె, చదవాలె, తర్వాత స్లైడుల బొమ్మ వచ్చి సరిచూసుకోవాలె. బొమ్మలు నెట్‌ల వెతకకుండ ఊర్లనే ఫోన్‌తోని తీయండ్రి: పత్తి చేను, మిర్చి కల్లం, బతుకమ్మ, చెరువు తూము. పుస్తకంల ‘మొక్కజొన్న’ ఉంటది, పిల్లలు ‘మక్కలు’ అంటరు. రెండూ రాసి చదివియ్యుండ్రి. ఇంట్ల మాట తప్పు, పుస్తకం మాట ఒప్పు అన్నట్టు కావొద్దు. లంబాడీ, కోయ ఇండ్ల పిల్లలుంటే వాళ్ల మాట కూడ అడిగి తెలుగు లిపిల మూడోది రాయండ్రి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. శబ్దం ఆపేయడం అనే ఆలోచనే రాలేదు. తలకట్టు, గుడి స్లైడ్లు ఈ రోజే చేస్తాను. రెండు సందేహాలు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి దీక్షా యాప్‌లో దించుకున్న వీడియో ఫోన్‌లో చూస్తే వస్తోంది, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలంటే దొరకట్లేదు. కేబుల్‌తో ఫోన్‌ను టీవీకి కలిపితే చార్జింగ్ తప్ప ఏమీ రాలేదు. రెండోది, డెస్క్‌టాప్‌ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

జవాబు: గణితం టీచర్, హనుమకొండ

దీక్షాలో దించుకున్నది ఆ యాప్ లోపలే ఉంటుంది, మామూలు వీడియో ఫైలులా గ్యాలరీకి రాదు. కాబట్టి ఫోన్ తెరనే టీవీకి పంపాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి కింది సాకెట్ నుంచి బొమ్మ బయటికి వచ్చే ఏర్పాటే ఉండదు, ఏ కేబుల్ కొన్నా లాభం లేదు. ఫోన్ సెట్టింగులలో కాస్ట్ లేదా స్క్రీన్ మిర్రరింగ్ అని, టీవీలో మిరాకాస్ట్ లేదా స్క్రీన్ షేర్ అని ఉంటే రెండూ తెరవండి. మిరాకాస్ట్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోనూ టీవీ నేరుగా మాట్లాడుకుంటాయి. కలిపే ముందు ఫోన్‌లో నోటిఫికేషన్లు ఆపేయండి, లేకపోతే ఇంటి మెసేజ్‌లు తరగతి ముందు ప్రత్యక్షమవుతాయి.

అది కుదిరిందంటే ఇంకో మంచి పని ఉంది. రెండు వరుసల పుస్తకాల మీద అడ్డంగా స్కేలు పెట్టి, దాని మీద ఫోన్‌ను కెమెరా కిందికి చూసేటట్టు ఉంచండి. కింద ఒక పిల్ల నోటుబుక్ పెడితే అది టీవీలో పెద్దగా వస్తుంది. అప్పు తీసుకునే తీసివేతల్లో ఆ పిల్ల ఎక్కడ ఏం చేసిందో గది మొత్తం చూస్తుంది. తప్పు ఉన్న పేజీ పెట్టేటప్పుడు పేరు మూసేయండి, లేదా మీరే కావాలని తప్పు చేసి రాసిన కాగితం పెట్టండి. పిల్లలు తప్పు పట్టుకోవడానికి చూపే ఉత్సాహం ఏ వీడియోకూ చూపరు.

పెన్‌డ్రైవ్‌లో పెట్టే వీడియోలు ఎంపీ4, హెచ్.264 (వీడియోను కుదించి దాచే ఒక పద్ధతి) అయితే దాదాపు ఏ టీవీ అయినా ఆడిస్తుంది. కొన్ని కొత్త ఫోన్లు హెచ్.265లో తీస్తాయి, చాలా పాత టీవీలు దాన్ని తెరవవు, లేదా శబ్దం వచ్చి బొమ్మ రాదు. ఫోన్ కెమెరా సెట్టింగులలో మార్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసుకోండి, ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు కానీ మనకు అంత అవసరం రాదు. ఫైళ్ల పేర్లకు ముందు 01, 02 అని పెట్టుకుంటే తరగతిలో రిమోట్ పట్టుకుని వెతుక్కునే పని తప్పుతుంది.

జవాబు: కంప్యూటర్లు బాగు చేసే పని, వరంగల్

డెస్క్‌టాప్‌లకు ముందు ఒక పరీక్ష చేయండి, పిల్లలను దగ్గరికి రానివ్వక ముందే. స్విచ్ వేసి, సీపీయూ పెట్టె వెనక స్క్రూకి టెస్టర్ ఆనించండి. లైటు వెలిగితే ఎర్త్ లేదని అర్థం. కంప్యూటర్ పవర్ సప్లై లోపల వడపోత కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా వచ్చే కొద్ది కరెంటు ఎర్త్ ఉంటే భూమిలోకి పోతుంది, లేకపోతే ఇనుప పెట్టె మీద నిలబడుతుంది. చెప్పులేసుకున్న పెద్దవాళ్లకు జుమ్మంటుంది అంతే. వట్టికాళ్లతో సిమెంటు నేల మీద నిలబడ్డ పిల్లలకు గట్టిగానే తగులుతుంది, లోపల వైరు ఏదైనా పెట్టెకు తగిలి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. మూడో రంధ్రానికి వైరు ఉందా, అది బయట ఎర్త్ గుంతదాకా పోయిందా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎండాకాలంలో గుంత ఎండిపోతుంది, బకెట్ నీళ్లు పోయాలి. ఇది సరయ్యేదాకా ఆ రెండూ ఆన్ చేయొద్దు. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు మేడమ్.

ఆన్ చేసినప్పుడు తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద నాణెంలాంటి సెల్లు అయిపోయింది, సీఆర్2032 అని అడిగితే ఏ వాచీల షాపులోనైనా ఇస్తారు. తేదీ తప్పుంటే వెబ్‌సైట్లు సెక్యూరిటీ తప్పని చెప్పి తెరుచుకోవు. అందరూ నెట్ పాడైందనుకుంటారు. బీప్‌లు కొట్టి తెర నల్లగా ఉంటే ర్యామ్ తీసి దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, మళ్లీ పెట్టండి. ప్లగ్ పీకేశాకే పెట్టె తెరవాలి. సుద్దపొడి ఫ్యాన్‌లో అట్టకడుతుంది, పెట్టెను నల్లబల్ల దగ్గర, నేల మీద ఉంచకండి.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. నెట్‌కు కలపకపోతే అట్లాగే వాడుకోవచ్చు. కలపాలంటే విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి, 4 జీబీ ర్యామ్‌లో నడుస్తుంది, పైసా ఖర్చు లేదు.

యూపీఎస్ మీద పాఠం నడపాలని చూడకండి. 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే 84 వాట్-అవర్. రెండు డెస్క్‌టాప్‌లు తగిలిస్తే సేవ్ చేసి కట్టేసేంత సమయమే ఇస్తుంది. లాప్‌టాప్‌కు దాని బ్యాటరీ ఉంది కాబట్టి యూపీఎస్‌ను టీవీ ఒక్కదానికే ఇవ్వండి, బ్యాటరీ బాగుంటే మొదలుపెట్టిన ఎనిమిది నిమిషాల పాఠం పూర్తవుతుంది. సాయంత్రం తాళం వేసేముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గులు పీకాలి. మే, జూన్ ఉరుముల వానలకు పోయేవి ఎక్కువగా స్విచ్ ఆపి ప్లగ్ ఉంచేసినవే. కిటికీ గుండా కేబుళ్లు బయటికి వేలాడకుండా చూడండి, కోతులు పట్టి గుంజితే టీవీతో సహా కిందికి వస్తుంది.

జవాబు: 4, 5 తరగతుల టీచర్, నర్సంపేట

రెండు కంప్యూటర్లకు 24 మంది అంటే లెక్క ఇట్లా వేసుకోండి. ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరు, పది నిమిషాలు. మారడానికి రెండేసి నిమిషాలు పోతే 40 నిమిషాల పీరియడ్‌లో మూడు విడతలు, 12 మంది. వారానికి రెండు పీరియడ్లు పెడితే అందరికీ ఒక వంతు వస్తుంది. నలుగురు అక్కడ, మిగతావాళ్లు గదిలో మామూలు పనిలో. జాబితా చార్టు మీద రాసి గోడకు అంటించండి. గంట కొట్టే పని ఒక పిల్లకు అప్పగిస్తే మిమ్మల్ని ఎవరూ అడగరు.

ఇద్దరిలో ఒకరి చేతిలో మౌస్, ఇంకొకరి చేతిలో పని కార్డు. కార్డు పట్టుకున్నవాళ్లు చదివి చెప్తారు, మౌస్ ముట్టుకోకూడదు. ఐదు నిమిషాలకు చేతులు మారతాయి. కార్డు మీద ఒకటే పని ఉండాలి, చివరి వాక్యం ఎప్పుడూ ‘నోటుబుక్‌లో ఇది రాసుకుని రండి’ అని. రాసుకొచ్చింది చూస్తేనే వాళ్లు అక్కడ ఏం చేశారో మీకు తెలుస్తుంది.

మొదటి రెండు వారాలు పాఠం వద్దు, చేతి అలవాటు మాత్రమే. జీకాంప్రి అనే పిల్లల ఆటల ప్రోగ్రాం ఉచితం, నెట్ లేకుండా నడుస్తుంది. అందులో మౌస్ కదిలించి తెర మీది ముక్కలు చెరిపేసే ఆట ఉంది, తర్వాత క్లిక్ చేసి చెరిపేది, తర్వాత డబుల్ క్లిక్‌తో. ఆ వరుసలోనే ఆడించండి. మౌస్ సెట్టింగులలో డబుల్ క్లిక్ వేగం బాగా తగ్గించండి, చిన్న వేళ్లకు మామూలు వేగం అందదు. పెద్దవాళ్ల టేబుల్ ఎత్తు పిల్లల ఛాతీదాకా వస్తుంది, మోచెయ్యి గాలిలో ఉంటే మౌస్ నిలవదు. టేబుల్ తీసి బెంచీ వేస్తే సగం కష్టం పోతుంది. కీబోర్డు మీద ఇంగ్లిష్ పెద్ద బడి అక్షరాలే ఉంటాయి, మూడో తరగతి పిల్లలు చిన్న బడి అక్షరాల కోసం వెతుకుతారు. తెల్ల స్టిక్కర్ మీద చిన్నవి రాసి అంటించండి.

తర్వాత టక్స్ పెయింట్, పిల్లలు బొమ్మలు గీసే ప్రోగ్రాం. ఫైలు ఎక్కడ సేవ్ చేయాలో అడగదు, అదే దాచుకుంటుంది, అందుకే ఈ వయసుకు నప్పుతుంది. మ్యాజిక్ పనిముట్లలో కలైడోస్కోప్, ఎడమ-కుడి సౌష్ఠవం ఉంటాయి. సౌష్ఠవం పాఠానికి ఒక కార్డు: ‘నోటుబుక్‌లో చుక్కల ముగ్గు సగం గీసి రండి. అదే సగాన్ని తెర మీద గీయండి. రెండో సగం ఎట్లా వచ్చిందో చూసి నోటుబుక్‌లో పూర్తి చేయండి.’ సగం ముందే గీసుకుని రాకపోతే పది నిమిషాలూ రంగులు పూసుకుంటూ ఉండిపోతారు.

జవాబు: 1, 2 తరగతుల టీచర్, వర్ధన్నపేట

పైన చెప్పినవన్నీ పెద్దపిల్లల గదికే. టీవీ అక్కడే ఉందని చిన్నపిల్లలను వదిలేయొద్దు మేడమ్. వారానికి రెండు పీరియడ్లు గదులు మార్చుకోండి. స్టోరీవీవర్ ప్రథమ్ బుక్స్ వాళ్లది, తెలుగు కథలు పీడీఎఫ్‌గా దించుకోవచ్చు, స్థాయిలు 1 నుంచి 4 దాకా ఉంటాయి. ఒకటో స్థాయి కథను పేజీ పేజీగా టీవీలో పెట్టి, వేలు బదులు పొడుగాటి పుల్లతో పదం పదం చూపిస్తూ మీరు చదవండి. రెండోసారి పుల్ల ముందుకు జరిపి మీరు ఆగండి, పిల్లలు చెప్తారు. మూడో రోజు బొమ్మ భాగాన్ని అట్టముక్కతో మూసి చదివించండి, ములుగు సర్ చెప్పిన కారణానికే.

రీడ్ అలాంగ్ యాప్ గురించి ఒక హెచ్చరిక. తెలుగు కథలు దించుకుంటే నెట్ లేకుండా పిల్లలు పైకి చదివేది వింటుంది, సరిదిద్దుతుంది, మంచిదే. కానీ గదిలో పదిహేడు మంది ఉండగా ఒకరిని ఫోన్‌తో కూర్చోబెడితే మైక్ అందరి గొంతులూ వింటుంది. వరండా మూలన, మైక్ ఉన్న ఇయర్‌ఫోన్‌తో, ఒకరు, ఐదు నిమిషాలు. ఇంకోటి, ‘వెళ్లాడు’ అని ఉన్నచోట పిల్లవాడు ‘పోయిండు’ అంటే యాప్ తప్పంటుంది. వాడికి అర్థం తెలిసింది, అక్షరాలు చూడకుండా చెప్పాడు. పక్కన కూర్చుని ‘మొదటి అక్షరం ఏంటిది?’ అని అడిగితే చాలు. చదవడమే రాదని రాసుకోవద్దు. ఈ తేడా యాప్ చూపించే నక్షత్రాల్లో కనపడదు, అందుకే ఆ నక్షత్రాలను పిల్లల స్థాయిగా రిజిస్టర్‌లో ఎక్కించకండి.

ప్రశ్న అడిగినవారు

టెస్టర్ పెట్టి చూశాం, ఒక కంప్యూటర్‌కు వెలిగింది. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా రెండూ ఆపేశాం. టీవీ ఇప్పుడు నేల నుంచి ఆరడుగుల ఎత్తులో ఉంది. ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు కాబట్టి దాన్ని కూడా దింపించాలా? ఎంత ఎత్తులో ఉండాలి?

జవాబు: కంప్యూటర్లు బాగు చేసే పని, వరంగల్

దింపించండి. పట్టాల మీద కూర్చున్న పిల్లల కళ్లు నేలకు రెండున్నర అడుగుల లోపే ఉంటాయి. టీవీ కింది అంచు మూడు, మూడున్నర అడుగుల మధ్య ఉంటే మెడ ఎత్తక్కర్లేదు. కిటికీకి ఎదురు గోడ అయితే తెరలో కిటికీయే కనపడుతుంది, కిటికీ ఉన్న గోడ అయితే వెలుతురు కళ్లలో పడుతుంది. పక్క గోడ చూడండి. బిగించే ముందు టీవీని బల్ల మీద ఆ ఎత్తులో పెట్టి, ‘థ’ ఉన్న స్లైడు వేసి, ఉదయం పదింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి పిల్లలను కూర్చోబెట్టి చదివించండి. పాత రంధ్రాల్లో చెక్కముక్కలు కొట్టి మళ్లీ వాడొద్దు, కొత్తగా డ్రిల్ చేసి ప్లగ్గులు వేయించండి. సున్నం పూతలో కాదు, లోపలి ఇటుకలోకి దిగాలి. ఆ ఎత్తులో పిల్లల చేతులు అందుతాయి కాబట్టి వైర్లన్నీ పీవీసీ పట్టీలో పోనిచ్చి, స్విచ్‌బోర్డు మాత్రం పైనే ఉంచండి.